తెలిసిన పాట కోసం ఎదురుచూపు

కథ తెలుసు, పాటలు కంఠతా వచ్చు, ఏ ఘట్టం వెనక ఏది వస్తుందో తెలుసు. అయినా కళ్ళు కాయలు కాచేలా ఎదురుచూస్తారు. 'వికెడ్' సంగీత నాటకం న్యూయార్క్ బ్రాడ్‌వేలోని గెర్ష్విన్ థియేటర్‌లో 2003 అక్టోబరు 30న మొదలైంది. అది సినిమాగా విడుదలైంది 2024 నవంబరు 22న. మధ్యలో ఇరవయ్యొక్క ఏళ్ళు. ఆ ఏళ్ళ పొడుగునా స్టీఫెన్ ష్వార్ట్జ్ పాటలను రికార్డుల్లో వింటూ వచ్చినవాళ్ళకి, ఆకుపచ్చ ఒంటి ఎల్ఫబా మొదటి అంకం చివర గాల్లోకి లేస్తుందని తెలుసు. ఆ లేవడాన్నే తెరమీద చూడాలని వాళ్ళు తపించారు. మామూలుగా ఎదురుచూపుకి మూలం తెలియకపోవడం. పరీక్ష ఫలితం కోసమో, దూరాన ఉన్నవాళ్ళ కబురు కోసమో చూసేటప్పుడు 'ఏమవుతుందో' అన్న ప్రశ్న గుండెలో కొట్టుకుంటూ ఉంటుంది. ఇక్కడ ఆ ప్రశ్నే లేదు. మరి మనసు దేనికి ఉవ్విళ్ళూరుతుంది? దీన్ని అభిమానుల పిచ్చి అని కొట్టిపారేయడం తేలిక. తెలిసినదాన్ని మళ్ళీ కలుసుకోవడం అంటే ఏమిటన్న ప్రశ్న దర్శనాలను చాలాకాలం వేధించింది. ఈ ఎదురుచూపు ఆ ప్రశ్న గడపలోనే నిలబడి ఉందని నా నమ్మకం.

క్రీస్తుశకం 400 ప్రాంతంలో క్రైస్తవ తాత్వికుడు ఆగస్టీన్ తన 'కన్ఫెషన్స్' పదకొండో భాగంలో కాలం సంగతి తేల్చుకోవడానికి పెనుగులాడుతూ ఒక ఉదాహరణ తీసుకున్నాడు. అది నోటికి వచ్చిన కీర్తన. పాడడం మొదలుపెట్టక ముందు కీర్తన మొత్తం నిరీక్షణలో ఉంటుంది. పాడుతున్నకొద్దీ ఒక్కో ముక్కా నిరీక్షణ వదిలి జ్ఞాపకంలోకి చేరుతుంది. పాట ముగిసేసరికి నిరీక్షణ అంతా ఖర్చయి జ్ఞాపకమే మిగులుతుంది. ఆయన కొత్త పాటను తీసుకోలేదు, తెలిసిన పాటనే తీసుకున్నాడు. తెలియనిదాని కోసం ఎదురుచూసేవాడి మనసులో ఉండేది మసక ఆకారం. తెలిసిన పాట కోసం ఎదురుచూసేవాడికి ప్రతి మలుపూ స్పష్టం, కాబట్టి అతని నిరీక్షణే నిండైనది. అయితే ఆగస్టీన్ కీర్తన పాడుకునేవాడి నోట్లోనే ఉంది. సినిమా పాట ఇంకొకరి గొంతులోంచి రావాలి. అందుకే ఈ నిరీక్షణలో ఆశతో పాటు భయం కూడా కాపురం ఉంటుంది. ఆ భయం ఉత్తిది కాదని 1843లో డెన్మార్క్ తాత్వికుడు కీర్కెగార్డ్ రాసిన 'రిపిటిషన్' చెబుతుంది. అందులో కథకుడు పాత అనుభవాన్ని తిరిగి పొందగలమా అని పరీక్షించడానికి బెర్లిన్ వెళ్తాడు. అదివరకు తనను ఆనందంలో ముంచెత్తిన నాటకశాలకే వెళ్ళి కూర్చుంటాడు. అక్కడ ఆడేది పాటలతో కూడిన ప్రహసనం. ఆ పాత ఆనందం రాదు, అతను విసిగి వెనక్కి వస్తాడు.

అతను ఎందుకు ఓడిపోయాడో మన తార్కికుల పరిభాషలో చెబితే స్పష్టమవుతుంది. వాళ్ళు స్మృతిని, ప్రత్యభిజ్ఞను వేరు చేశారు. స్మృతి కేవలం సంస్కారంలోంచి పుడుతుంది. అందులో 'అతడు' మాత్రమే ఉంటాడు. ప్రత్యభిజ్ఞకి సంస్కారంతో పాటు ఎదుట ఉన్న వస్తువుతో ఇంద్రియ సంబంధం కావాలి. 'ఆ దేవదత్తుడే ఇతడు' అన్నది దానికి శాస్త్రాల్లో నలిగిన ఉదాహరణ. నిరుడు చూసిన దేవదత్తుడు ఈ ఏడు చిక్కిపోయి ఉండవచ్చు, వేరే బట్టలు కట్టి వేరే ఊళ్ళో ఉండవచ్చు. గుర్తించడమంటే ఆ తేడాలన్నీ కనిపిస్తుండగానే వాటిని దాటి వెళ్ళడం. కీర్కెగార్డ్ కథకుడు బెర్లిన్‌లో వెతికింది స్మృతిని. నిరుటి సాయంత్రమే మళ్ళీ కావాలన్నాడు. నాటకాన్ని తెరమీద చూడాలనుకునేవాడిలోనూ ఈ రెండు కోరికలూ కలిసిపోయి ఉంటాయి. రంగస్థలం మీద చూసింది చూసినట్టే కావాలన్నది ఒకటి. దాన్ని కొత్త ఒంటిలో గుర్తుపట్టాలన్నది రెండోది. ఈ రెండో కోరికే ఎదురుచూపుకి అసలు ప్రాణమని నా వాదన.

దీనికి సాక్ష్యం సినిమాల చరిత్రలోనే ఉంది. 2021లో వచ్చిన 'డియర్ ఎవాన్ హాన్సెన్'లో, బ్రాడ్‌వే మీద ఆ పాత్ర పోషించి టోనీ అవార్డు గెలిచిన బెన్ ప్లాట్‌నే తీసుకున్నారు. అదే గొంతు, అదే నటుడు, అవే ప్రధాన గీతాలు. కానీ హైస్కూలు కుర్రాడి పాత్రలో ఆ వయసు దాటిన ముఖాన్ని కెమెరా దగ్గరగా చూపేసరికి చాలామంది నమ్మలేకపోయారు. నాట్యశాస్త్రానికి వ్యాఖ్య రాసిన అభినవగుప్తుడు రసానుభవానికి అడ్డొచ్చే విఘ్నాల్లో మొదటగా చెప్పింది సంభావనా విరహం, అంటే ఇది జరగగలదన్న నమ్మకం కుదరకపోవడం. ఇక్కడ 'అది' పూర్తిగా భద్రంగా ఉంది. 'ఇది' నిలబడలేదు. దీనికి ఎదురుగా 1964 నాటి 'మై ఫెయిర్ లేడీ'ని పెట్టి చూడండి. రంగస్థలం మీద ఎలైజాగా పేరు తెచ్చుకున్న జూలీ ఆండ్రూస్‌ని వదిలేసి ఆడ్రీ హెప్‌బర్న్‌ని తీసుకున్నారు. ఆమె పాటల్లో అధికభాగం మార్నీ నిక్సన్ పాడింది. ఒళ్ళు ఒకరిది, గొంతు ఇంకొకరిది, ఆ ఇద్దరూ పాత ఎలైజా కారు. అయినా ప్రేక్షకులు ఎలైజాను గుర్తుపట్టారు, ఆ చిత్రానికి ఎనిమిది ఆస్కార్లు వచ్చాయి. మనకిది వింత కాదు. తెలుగు నాటకరంగం మీద సత్యభామ అంటే స్థానం నరసింహారావు. ఆయన పాడి ఊరూరా మోగించిన పాటను 1966 నాటి 'శ్రీకృష్ణ తులాభారం'లో జమునకు పి. సుశీల పాడారు. మగవాడు కట్టిన ఆడవేషం పోయింది, ఆ గొంతూ పోయింది. సత్యభామ మాత్రం ఎక్కడికీ పోలేదు.

ఇక్కడ బౌద్ధ తార్కికులు అడ్డం పడతారు. దీపజ్వాలను చూసి 'అదే జ్వాల' అంటాం. నిజానికి క్షణక్షణం కొత్త జ్వాల పుడుతోంది. కత్తిరిస్తే మళ్ళీ పెరిగిన వెంట్రుకలను, గోళ్ళను చూసి 'అవే' అంటాం. పోలికను చూసి ఏకత్వమని భ్రమపడడమే ప్రత్యభిజ్ఞ అని వాళ్ళ ఆక్షేపణ. ఆ లెక్కన సినిమా నాటకం కాదు, నాటకాన్ని పోలిన సరుకు మాత్రమే. బలమైన మాటే. కానీ దాన్ని చివరిదాకా నడిపిస్తే నాటకం కూడా మిగలదు. 'వికెడ్'లో ఎల్ఫబా పాత్రను మొదట ఇడీనా మెన్జెల్ పోషించింది, తర్వాత ఎందరో నటీమణుల మీదుగా అది నడిచింది. నిన్న రాత్రి ప్రదర్శన నేటిది కాదు. రంగస్థలమే ఒక దీపజ్వాల అయినప్పుడు, సినిమా దేనికి నకలు? ఈ చిక్కుని మీమాంసకులు వేరే చోట విప్పారు. 'గ'కారాన్ని ఎవరు పలికినా, ఎన్నిసార్లు పలికినా, అది ఆ గకారమే. పలుకు దాన్ని పుట్టించదు, వ్యక్తం చేస్తుంది అన్నారు. శబ్దం నిత్యమన్న వాళ్ళ సిద్ధాంతాన్ని మనం ఒప్పుకోనక్కర్లేదు, నైయాయికులు ఒప్పుకోలేదు కూడా. ఇక్కడ మనకు పనికొచ్చేది ఆ చూపు. పాట ఏ ఒక్క గొంతుకీ సొంతం కానప్పుడు, వేదికా తెరా రెండూ దాన్ని వ్యక్తం చేసే సాధనాలే అవుతాయి. పద్యనాటకాలకు తెల్లవార్లూ కూర్చున్న మనవాళ్ళు, నోటికొచ్చిన పద్యానికే 'వన్స్ మోర్' అని కేకలు వేశారు. రెండోసారి పాడిన పద్యం మొదటిదాని అచ్చు కాదని వాళ్ళకి తెలుసు. అచ్చు కాదు కాబట్టే మళ్ళీ అడిగారు. ఈ ప్రేక్షకుల మధ్యనే 1932లో మన తొలి టాకీ 'భక్త ప్రహ్లాద' సురభి వాళ్ళ నాటకంలోంచి పుట్టింది. ప్రహ్లాదుడికి ఏమవుతుందో తెలియని తెలుగువాడు ఆ రోజు హాల్లో ఉండి ఉంటాడనుకోను.

ఇంకో ఆక్షేపణ నీతికి సంబంధించినది, నాకు ఎక్కువ బరువుగా తోచేది ఇదే. ఈ ఎదురుచూపు మనలో పుట్టింది కాదు, మనలో పుట్టించినది; తృష్ణను వ్యాపారం చేయడమే అంటారు. ఇందులో నిజముంది. 'వికెడ్'ని రెండు సినిమాలుగా కోశారు. నాటకంలో మొదటి అంకం అయ్యాక పావుగంట సేపు ఉండే విరామం, 2025 నవంబరు 21న రెండో భాగం వచ్చేదాకా ఏడాది సాగింది. మొదటి భాగమే 160 నిమిషాలు, ఇంచుమించు మొత్తం నాటకమంత. డబ్బు ఆలోచన లేదని ఎవరూ అనలేరు. కానీ రగిలించినవాడి ఉద్దేశాన్నిబట్టి రగిలినదాని స్వభావాన్ని నిర్ణయించలేం. తృష్ణ అందుకోగానే చల్లారి ఇంకోదాని మీదికి దూకుతుంది. తిరుమల బ్రహ్మోత్సవాలకు ఏటా వెళ్ళేవాళ్ళను తృష్ణాపరులు అనం. ఏ వాహనం తర్వాత ఏ వాహనమో వాళ్ళకి తెలుసు. మూలవిరాట్టు గర్భగుడి వదలదు, మలయప్పస్వామి మాడవీధుల్లోకి వస్తాడు. వీధిలోకి వచ్చినవాడు లోపలివాడికి నకలని ఏ భక్తుడూ అనుకోడు. సినిమాను దేవుడితో సమానం చేస్తున్నానని అపార్థం వద్దు. అక్కడ ఉన్న పవిత్రత ఇక్కడ లేదు. నేను చూపుతున్నది మనసు తీరును మాత్రమే. తెలిసినదాని కోసం ఎదురుచూడడం అజ్ఞానమనో ఆకలనో అనలేని చోటు ఒకటుందని ఆ వీధులు చెబుతాయి. వ్యాపారులు వాడుకుంటున్నది దాన్నే, వాళ్ళు దాన్ని కనిపెట్టలేదు.

అభినవగుప్తుడికి పరమగురువైన ఉత్పలదేవుడు పదో శతాబ్దంలో 'ఈశ్వర ప్రత్యభిజ్ఞా కారికలు' ముగిస్తూ ఒక నాయికను మన ముందు నిలబెట్టాడు. ఆమె నాయకుడి గుణాలు విని విని అతని మీద మనసు పెట్టుకుంది. అతనే వచ్చి ఎదుట నిలబడ్డాడు. గుర్తుపట్టనంతసేపూ అతడు ఆమెకు అందరిలాంటి మనిషే, గుండె పొంగదు. గుర్తుపట్టిన క్షణాన నిండిపోతుంది. జీవేశ్వరుల గురించి చెప్పిన మాట అది. అయినా బ్రాడ్‌వే టికెట్టు అందని దూరంలో ఉండి, రికార్డు మాత్రమే విన్న లక్షలమంది ఈ నాయికలే. చూడకుండానే ప్రేమించినవాళ్ళు వాళ్ళు. వాళ్ళకి కావలసింది సమాచారం కాదు. రెండో భాగం కోసం ష్వార్ట్జ్ నాటకంలో లేని రెండు పాటలు కొత్తగా రాశాడు. గుర్తుపట్టడానికి వచ్చినవాళ్ళకి అవి పరీక్ష. విననే వినని పాటలో ఆ ఎల్ఫబానే, ఆమె స్నేహితురాలు ఆ గ్లిండానే కనుక్కోవాలి. ఇక హైదరాబాదులోనో డల్లాస్‌లోనో సినిమానే ముందు చూసిన తెలుగు పిల్లలు ఏదో ఒక రోజు నాటకశాలలో కూర్చుంటారు. వాళ్ళకి తెర మీద ఎల్ఫబాగా వేసిన సింథియా ఎరీవో 'ఆమె' అవుతుంది, వేదిక మీద నిలబడి ఊపిరి పీల్చుకుంటున్న ఇంకొక నటి 'ఈమె' అవుతుంది. దీపాలు ఆరి, మొదటి స్వరం ఇంకా వినిపించని ఆ కొద్దిసేపూ పాట మొత్తం వాళ్ళ నిరీక్షణలోనే ఉంటుంది.