కేక ఎవరికి?

ఇటీవల మన సంఘములోని ఒక యౌవనస్థుడు తన ఫోనులో ఒక పాట మాకు వినిపించి, "అయ్యగారూ, ఇది వినడం పాపమా?" అని అడిగెను.

నిజము చెప్పవలెనంటే అది పాటయని మాకు తోచలేదు. గొంతు అడుగునుండి వచ్చు గర్జన, దానికి తోడు ఆగని డ్రమ్ముల మోత. మాటలు శవములను, నెత్తురును, సమాధులనుండి లేచు పీనుగులను గూర్చినవి. అమెరికాలోని ఫ్లోరిడాకు చెందిన "డెత్" (అనగా మరణము) అను బృందము 1987లో వెలువరించిన మొదటి ఆల్బము అది. పేరు "స్క్రీమ్ బ్లడీ గోర్". డెత్ మెటల్ అను సంగీతమునకు దారి వేసినవాటిలో అది యొకటి. "విసర్జించుము" అని చెప్పబోయి, పాడినవాడెవడో మొదట తెలిసికొందమని ఆగితిమి.

అతని పేరు చక్ షుల్డినర్. గిటారు, బేస్, గొంతు మూడును అతనివే. క్రిస్ రైఫర్ట్ డ్రమ్ములు వాయించెను. ఆల్బము వెలువడునాటికి చక్ వయస్సు 20 ఏండ్లు. అతడు చిన్నవాడై యుండగా అన్న కారు ప్రమాదములో మరణించెను. ఏడ్చుచున్న పిల్లవానికి తలిదండ్రులు ఒక గిటారు కొనియిచ్చిరి.

అయినను ఆల్బములో ఆ అన్న కనబడడు. ఉన్నవి చాలవరకు భయంకర చలనచిత్రముల కథలే. ఒక పాట పేరులో బాప్తిస్మమను మాటను నెత్తుటితో జతచేసిరి. దానిని మేము సమర్థింపము. మరణమును ఆటవస్తువుగా చేయుట తప్పే. యోబును కేకవేసెను, తాను పుట్టిన దినమును శపించెను. కాని అతని కేక వినువాడొకడు ఉండెను. ఇక్కడ కేక యున్నది, అది ఎవరికో తెలియదు. 1991లో వచ్చిన "హ్యూమన్" నాటికి చక్ శవములను విడిచి మనుష్యుని హృదయమును గూర్చి వ్రాయసాగెను. 1999లో అతని మెదడులో కణితి బయటపడెను. 2001 డిసెంబరు 13న, 34వ యేట మరణించెను.

ఇంతవరకు అతనికి తీర్పు తీర్చుట సులభమే. అయితే కేకలు వేయు పిల్లవానికి మన మందిరములో చోటున్నదా? లాజరును కొంతసేపటిలో లేపనైయుండియు ప్రభువు అతని సమాధియొద్ద కన్నీరు విడిచెను. మనమో, భూస్థాపనలో ఎవరైనను గొంతెత్తి యేడ్చిన, నిరీక్షణ లేనివారివలె ఏడువరాదని నోరు మూయింతుము. ఆ మాట పౌలు వ్రాసినదే. అయితే అతడు ఏడువనే వద్దనలేదు.

మాకు పాట వినిపించిన యౌవనస్థుని అన్నను నిరుడు భూస్థాపన చేసితిమి. పెట్టె మూయునప్పుడు అతడు అరచుచుండగా, "ఊరుకో నాయనా, విశ్వాసివి గదా" అని భుజము పట్టి వెనుకకు లాగినది మేమే. అతడు ఊరుకొనెను. నేటివరకు మరల మాయెదుట అన్న పేరెత్తలేదు.

వచ్చు ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతని యింటికి వెళ్లెదము. అన్నను గూర్చి అడిగెదము. పాటల సంగతి ఆ తరువాత.