కుళాయి చప్పుడు

వాక్యభాగం: మార్కు సువార్త 5:25–34

రాత్రి నాలుగైదుసార్లు నాన్న లేచిన అలికిడి వినబడేది. బాత్రూములోకి వెళ్లగానే కుళాయి తిప్పేవారు. మూత్రం రావడానికి ఎంతసేపు నిలబడాల్సి వస్తోందో ఆ నీళ్ల శబ్దంలో మాకు తెలియకూడదని. రెండేళ్లు అమ్మకైనా చెప్పలేదు. ఒక తెల్లవారుజామున మూత్రం పూర్తిగా ఆగిపోయి, పొత్తికడుపు బిగదీసుకుపోతే, గోడ పట్టుకుని నన్ను పిలిచారు.

మార్కు రాసిన రక్తస్రావపు స్త్రీ కూడా 12 ఏళ్లు నలుగురిలో చెప్పుకోలేని బాధే మోసింది. ఉన్నదంతా వైద్యానికే పోయింది. ప్రభువు దగ్గరికి కూడా జనంలో వెనకనుంచే, ఎవరి కంటా పడకుండా వచ్చింది. ఆయన వస్త్రం ముట్టుకుంది, బాగైంది. అయినా ఆయన ఆగి, ఎవరని అడిగాడు. ఆమెను సిగ్గుపరచడానికి కాదని నా నమ్మకం. వణుకుతూనే అంతా చెప్పుకున్నాక ఆమెను కూతురిగా పిలిచాడు.

ఆసుపత్రిలో పైపు వేసి ఉపశమనం కలిగించాక నాన్న నోరు విప్పారు. ఇది క్యాన్సర్ కాదు, వయసుతో ప్రోస్టేట్ పెరగడమేనని డాక్టరుగారు చెప్పాకే ఆయన ఊపిరి పీల్చుకున్నారు. మందులతో సర్దుకునే దశ దాటిపోయింది. టీయూఆర్‌పీ అనే ఆపరేషన్ చేద్దామన్నారు. పైన కోత ఉండదు. నడుముకు మత్తు సూది ఇచ్చి, మూత్రనాళంలోంచే పరికరం పంపి, అడ్డుపడిన కండను ముక్కలుగా తీసేస్తారు. పెద్ద గ్రంథులకూ పనికొచ్చే హోలెప్ అనే లేజర్ పద్ధతి ఉంది. మరీ పెద్దదైతే పొట్ట కోసి చేసే ఆపరేషన్ ఇప్పటికీ ఉంది. ఈ ఆపరేషన్ల తర్వాత వీర్యం బయటికి రాకుండా మూత్రాశయంలోకి వెళ్లిపోవచ్చని కూడా ముందే చెప్పారు. అడగడానికి మొహమాటపడే మాట ఇది, దయచేసి అడగండి.

ఆపరేషన్ అయిన రాత్రంతా సెలైన్ సంచులు మారుస్తూనే ఉన్నారు. ట్యూబులో ఎర్రగా దిగేది తెల్లారేసరికి లేత గులాబీ రంగుకు వచ్చింది. బ్యాగు ఖాళీ చేస్తుంటే నాన్న మొహం పక్కకు తిప్పుకున్నారు. “చిన్నప్పుడు నా పక్కబట్టలు మీరు ఉతకలేదా నాన్నా?” అన్నాను. ఏమీ అనలేదు, నా చెయ్యి పట్టుకున్నారు.

మూడోరోజు పైపు తీశారు. బాత్రూము తలుపు బయట నిలబడ్డాను. నాన్న కుళాయి తిప్పలేదు.

ప్రార్థన: ప్రభువా, ఈ రాత్రి ఏ ఇంట్లో ఏ తండ్రి ఇలా ఒంటరిగా నిలబడి ఉన్నాడో నీకు తెలుసు. పొద్దున్నే ఇంట్లోవాళ్లతో ఆ మాట చెప్పే ధైర్యం ఆయనకివ్వు. వినే ఓపిక మాకివ్వు. యేసు నామమున వేడుకుంటున్నాము తండ్రీ. ఆమేన్.