ఆట మారినవాడికి వెలి

ఒక ఆటలో ఆరితేరినవాడు తన సంఘాన్ని వదిలి, అదే ఆటను మరో పద్ధతిలో నడిపే సంఘంలో చేరితే, పాత సంఘం అతన్ని వెలివేయవచ్చా? పైకి ఇది నిబంధనల పుస్తకానికి సంబంధించిన వ్యవహారంలా కనిపిస్తుంది. లోపల ఉన్నది ధర్మసందేహం. నేర్చిన విద్య నేర్చినవాడిదా, నేర్పిన సంఘానిదా? ప్రతిఫలం పుచ్చుకుంటే ఆట మైలపడుతుందా? ఒక సమూహం తన శుద్ధిని కాపాడుకోవడానికి మనిషి బతుకుదెరువును తెంచేయడం న్యాయమేనా? ఆధునిక క్రీడల్లో ఈ ప్రశ్నలు ఎక్కువ కాలం నలిగింది రగ్బీలో. అక్కడ ఆ పట్టుదల నూరేళ్లు సాగింది.

1871లో లండన్‌లో ఏర్పడిన రగ్బీ ఫుట్‌బాల్ యూనియన్‌ను నడిపినవాళ్లు పేరున్న బడుల్లో చదువుకున్న కలిగిన కుటుంబాలవాళ్లు. ఆట మాత్రం కొద్ది ఏళ్లలోనే ఉత్తర ఇంగ్లండ్ గనులకూ మిల్లులకూ పాకింది. అక్కడి కార్మికుడు శనివారం ఆటకు పోతే ఆ పూట కూలి పోయేది. ఆడినందుకు డబ్బు కాదు, పోయిన కూలి మట్టుకు ఇప్పించండని ఉత్తరాది క్లబ్బులు 1893లో అడిగాయి. సర్వసభ్య సమావేశం 282–136 ఓట్లతో తోసిపుచ్చింది. 1895 ఆగస్టు 29న హడర్స్‌ఫీల్డ్‌లోని జార్జ్ హోటల్‌లో ఆ క్లబ్బులు సమావేశమై, విడిపోయి నార్తర్న్ యూనియన్ పెట్టుకున్నాయి. నష్టపోయిన కూలి కింద రోజుకు ఆరు షిల్లింగులు ఇవ్వవచ్చన్నాయి. క్రమంగా నియమాలూ మారాయి. 1906లో జట్టుకు 13 మంది చొప్పున ఆడడం మొదలైంది. పాత శాఖలో 15 మందే ఉండిపోయారు. 1922లో కొత్త శాఖ రగ్బీ లీగ్ అనే పేరు పెట్టుకుంది. పాతది రగ్బీ యూనియన్. చీలిక దగ్గర తేడా ఆడే తీరులో లేదు, ఒక పూట కూలిలో ఉంది.

ఉత్తర తెలంగాణలో ఆ పూట కూలి లెక్క ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. జమ్మికుంట పత్తి మార్కెట్ యార్డులో దసరా దాటాక బండ్లు బారులు తీరుతాయి. హమాలీకి కూలి ఎత్తిన బరువును బట్టి వస్తుంది. ఎత్తని రోజున రాదు. సంక్రాంతికి ఊళ్లలో కబడ్డీ పోటీలు పడేది సరిగ్గా ఆ సీజన్‌లోనే. కూతకు పోయే బలం ఉన్న పిల్లగాడు, బస్తాలు ఎత్తే పిల్లగాడు చాలాసార్లు ఒక్కడే. రెండు రోజుల పోటీకి పోతే అతని ఇంటికి రెండు రోజుల కూలి తగ్గుతుంది. ఆటను ఆటకోసమే ఆడాలనే మాటను వ్యాపారి కొడుకు సులువుగా పాటిస్తాడు. హమాలీ కొడుక్కి అదే మాట పాటించాలంటే పస్తుండాలి. నియమం ఒకటే అయినా దాని బరువు ఇద్దరి మీద ఒకేలా పడదు. 1893లో ఓటింగ్‌కు కూర్చున్నవాళ్లు తూచకుండా వదిలేసింది ఈ బరువునే.

డబ్బు తీసుకోని ఆటే పవిత్రమనే భావానికి మన దేశంలో తరచుగా భగవద్గీతలోని నిష్కామ కర్మను తోడు తెస్తారు. ఆ అన్వయం నిలవదు. గీత వదలమన్నది ఫలం మీది ఆసక్తిని. చేసినవాడికి ఫలం ఇవ్వవద్దని గీత ఎక్కడా ఎవరికీ ఆజ్ఞ ఇవ్వలేదు. అర్జునుడికి చేసిన ఉపదేశం కర్త తన మనసుకు తాను పెట్టుకోవలసిన నియమం. దాన్ని మరొకడు తెచ్చి కర్త కూలి మీద పెడితే అది ఉపదేశం కాదు, కూలి ఎగ్గొట్టడం. త్యాగానికి ముందు షరతు ఒకటుంది: త్యజించేవాడి చేతిలో ఆ వస్తువు ఉండాలి. కూలి అందుకుని వదులుకున్నవాడు త్యాగి అవుతాడు. కూలే ఇవ్వనివాడి గడపలో నిలబడ్డవాడు త్యాగి ఎలా అవుతాడు? పైగా టికెట్ల రాబడి క్లబ్బుకు వస్తూ, ఆటగాడికి మాత్రం నిష్కామత్వాన్ని బోధించడం ధర్మశాస్త్రంలో ఏ మూలా పొసగని పద్ధతి.

ఈ విషయంలో గీత కన్నా నేరుగా మాట్లాడినవాళ్లు 12వ శతాబ్దపు వీరశైవులు. కల్యాణ నగరంలో బసవన్న చుట్టూ చేరిన శరణుల్లో చాకలివారు, చెప్పులు కుట్టేవారు, తాళ్లు పేనేవారు, పడవ నడిపేవారు ఉన్నారు. వాళ్ల మాటలో కాయకం అంటే ఒళ్లు వంచి చేసే పని. దాసోహం అంటే ఆ సంపాదనలో పంచి పెట్టే భాగం. ఆ సంప్రదాయాన్ని తెలుగులోకి తెచ్చిన పాల్కురికి సోమనాథుడు పాలకుర్తివాడు. ఆయన బసవపురాణం ఈ నేలకు దగ్గరి పుస్తకం. శరణుల కథల్లో ఆయ్దక్కి మారయ్య, లక్కమ్మ దంపతులు రాలిన బియ్యపు గింజలు ఏరుకుని బతుకుతూ, అందులోంచే జంగములకు వడ్డించేవాళ్లు. ఒకనాడు మారయ్య రోజూకన్నా ఎక్కువ బియ్యం తెస్తే, అది ఆశ అని, తీసుకుపోయి తిరిగి పోసిరమ్మని లక్కమ్మ చెప్పింది. ఇక్కడ సంపాదించడం తప్పు కాదు. అవసరానికి మించి మూటకట్టుకోవడమే తప్పు. డబ్బుకూ ఆటకూ మధ్య గీత గీయాలంటే లక్కమ్మ గీసిన చోట గీయాలి. ఆ గీత ఆటగాడి కూలి దగ్గర పడదు. వేలంపాటలో కోట్లు పోసి మనుషుల్ని కొని, మైదానం గడ్డి ఆరకముందే వదిలించుకునే యజమానుల దగ్గర పడుతుంది.

చీలిక తర్వాత రగ్బీ యూనియన్ అమలు చేసిన శిక్ష మన ఊళ్లలోని వెలికి అచ్చంగా సరిపోలుతుంది. లీగ్‌లో డబ్బుకు ఆడినవాడికే కాదు, మారుపేరుతో ఒక్క ట్రయల్ మ్యాచ్ ఆడినట్టు తేలినవాడికి కూడా యూనియన్ తలుపు మూసుకుపోయేది, అదీ జీవితాంతం. వేల్స్ గనుల ఊళ్ల నుంచి లీగ్‌కు పోయినవాళ్లు చాలామంది. 1967లో డేవిడ్ వాట్కిన్స్ సాల్‌ఫర్డ్‌కు, 1989లో జొనాథన్ డేవిస్ విడ్నెస్‌కు వెళ్లినప్పుడు దాన్ని ఊరి దుఃఖంగా చెప్పుకున్నారు. వెలి పనిచేసే తీరు ఎక్కడైనా ఒకటే: ముందు తప్పుకు మైల అని పేరు పెడతారు, తర్వాత ఆ మైల అంటిన ప్రతివాణ్నీ దూరం చేస్తారు, చివరికి తప్పు ఏమిటో మరిచిపోయి దూరం పెట్టడమే ఆచారంగా మిగులుతుంది. 1881 డిసెంబరు 11న రాజమండ్రిలో వీరేశలింగం మొదటి వితంతు వివాహం జరిపించినప్పుడు ఆయనా ఆయన తోటివాళ్లూ అనుభవించింది ఇదే. ఉత్తర తెలంగాణలో కొన్ని గ్రామాభివృద్ధి కమిటీలు మాట వినని కుటుంబాలకు నేటికీ ఊరి సరుకులూ పనీ ఆపించడం ఇదే ఆయుధంతో.

అయితే ఆ మైల నిజమైనదేనా? రెండో ప్రపంచ యుద్ధం దీనికి జవాబు చెప్పింది. యుద్ధకాలంలో సైనిక దళాల్లో ఉన్నవాళ్లు ఏ శాఖవాళ్లయినా కలిసి యూనియన్ రగ్బీ ఆడవచ్చని నిషేధాన్ని సడలించారు. 1943లో లీడ్స్‌లో, 1944లో బ్రాడ్‌ఫర్డ్‌లో రెండు శాఖల సైనిక జట్లు యూనియన్ నియమాల కిందే తలపడ్డాయి. రెండుసార్లూ లీగ్ జట్టే గెలిచింది. శాంతి రాగానే మైల కూడా తిరిగి వచ్చింది. మహాభారతం శాంతిపర్వంలో ఆపద్ధర్మం చెబుతుంది: ప్రాణాపాయంలో నియమం సడలుతుంది, ఆపద తీరాక నియమం మళ్లీ నిలుస్తుంది. యూనియన్ పెద్దలు అలా సమర్థించుకుని ఉండవచ్చు. కానీ ఆపద్ధర్మం నిజంగా చెడ్డదైన పనిని కొంతకాలం ఓర్చుకోవడానికి పనికొస్తుంది. ఇక్కడ అంతకాలం పక్కపక్కన ఆడినా ఎవరికీ ఏ కీడూ జరగలేదు. కీడు లేదని కళ్లారా చూశాక కూడా నిషేధాన్ని తిరిగి పెట్టడం ధర్మరక్షణ కాదు, పట్టు నిలుపుకోవడం. ఫ్రాన్స్‌లో సంగతి ఇంకా ఘోరం. అక్కడ విషీ ప్రభుత్వం 1941లో లీగ్ రగ్బీ సంఘాన్ని రద్దు చేసి ఆస్తులు లాక్కుంది. ఆటలో పోటీ రాజ్యం చేతిలో పడితే వెలి ఎంతదూరం పోతుందో అది చూపింది.

తెలుగువాళ్లకు ఈ కథ క్రికెట్ రూపంలో వచ్చింది. 2007లో ఎస్సెల్ గ్రూపు ఇండియన్ క్రికెట్ లీగ్ ప్రకటించింది. భారత క్రికెట్ నియంత్రణ మండలి దాన్ని గుర్తించలేదు. చేరినవాళ్లకు తన పోటీల్లో చోటు లేదంది. లీగ్‌కు పెద్దగా నిలిచిన కపిల్ దేవ్‌ను జాతీయ క్రికెట్ అకాడమీ చైర్మన్ పదవి నుంచి తొలగించింది. 1983లో దేశానికి ప్రపంచ కప్పు తెచ్చిన కెప్టెన్‌కే ఆ గతి పడితే, రంజీ స్థాయి కుర్రవాడి సంగతి చెప్పేదేముంది? హైదరాబాద్ నుంచి గుంపుగా వెళ్లినవాళ్లలో అంబటి రాయుడు, ఇబ్రహీం ఖలీల్, ఆల్ఫ్రెడ్ అబ్సాలం ఉన్నారు. రాయుడు 2004 అండర్-19 ప్రపంచ కప్పులో భారత జట్టు కెప్టెన్. పెద్ద జట్టు తలుపు ముందు నిలబడ్డవాడు. వాళ్లు ఆడిన హైదరాబాద్ హీరోస్ 2008లో లీగ్ టోర్నమెంటు గెలిచింది. కానీ అదే ఏడాది మండలి ఐపీఎల్ మొదలుపెట్టింది. తారలూ ప్రేక్షకులూ టీవీ డబ్బూ అటు మళ్లాయి. 2009లో మండలి క్షమాభిక్ష ప్రకటించింది. లీగ్‌తో తెగతెంపులు చేసుకున్నవాళ్లు తిరిగి వచ్చారు. రాయుడు 2010లో ముంబై ఇండియన్స్‌కు ఆడాడు, 2013లో హరారేలో భారత్ తరఫున తొలి వన్డే ఆడి అర్ధశతకం కొట్టాడు. తన విద్యతో తాను బతికినందుకు క్షమించబడవలసి రావడం ఏ న్యాయమో ఆలోచించాలి. ఇరవై రెండేళ్ల నుంచి ఇరవై నాలుగేళ్ల దాకా ఉండే ఆ కాలం బ్యాట్స్‌మన్‌కు తిరిగి రాదు.

న్యాయస్థానాలు ఈ ప్రశ్నను ముందే తేల్చాయి. 1977లో ఆస్ట్రేలియాలో కెర్రీ ప్యాకర్ పెట్టిన వరల్డ్ సిరీస్ క్రికెట్‌లో చేరినవాళ్లను నిషేధిస్తే, అదే ఏడాది ఇంగ్లండ్ హైకోర్టులో జస్టిస్ స్లేడ్ ఆ నిషేధం మనిషి వృత్తికి అన్యాయమైన అడ్డు అని తీర్పు చెప్పారు. భారత్‌లో పోటీ కమిషన్ 2013లో క్రికెట్ మండలికి 52.24 కోట్ల రూపాయల జరిమానా వేసింది. ఐపీఎల్ ప్రసార ఒప్పందంలో పోటీ లీగ్‌ను గుర్తించబోమని మండలి మాటివ్వడం దాని కారణాల్లో ఒకటి. అప్పిలేట్ ట్రిబ్యునల్ 2015లో ఆ ఉత్తర్వును పక్కన పెడితే, 2017లో కమిషన్ అదే జరిమానా మళ్లీ వేసింది. కబడ్డీలోనూ చీలిక వచ్చింది. 2014లో మొదలైన ప్రో కబడ్డీలో తెలుగు టైటాన్స్ ఉండగా, 2019 మేలో పాత సమాఖ్యకు పోటీగా నిలిచిన మరో సమాఖ్య పెట్టిన లీగ్‌లో తెలుగు బుల్స్ అనే జట్టు వచ్చింది. ఒకే భాష పేరుతో, ఒకే కూతతో, రెండు గడపలు.

పాత సంఘానికీ ఒక గట్టి వాదన ఉంది. దాన్ని తేలిగ్గా తోసేయరాదు. పదేళ్ల పిల్లవాడికి మైదానం ఇచ్చి, కోచ్‌ను పెట్టి, జిల్లా పోటీలు జరిపి తయారు చేసింది ఆ సంఘమే. పోటీ లీగ్ విత్తనం వేయలేదు, నీరు పెట్టలేదు, కోతకు మాత్రం వచ్చింది. ఆ పిల్లవాడు ఋణపడి ఉన్నాడు. మన సంప్రదాయం ఋణాన్ని కాదనదు. మనిషి దేవ, ఋషి, పితృ ఋణాలతో పుడతాడంటుంది. కానీ ఆ ఋణాలు తీరే దారి చూడాలి. ఋషి ఋణం తీరేది విద్యను తర్వాతివాడికి అందించడంతో. గురువు ఇంట్లో జన్మంతా నీళ్లు మోయడంతో కాదు. పితృ ఋణమూ వెనక్కి కాక ముందుకే తీరుతుంది. అప్పుకు మనిషినే తాకట్టు పెట్టుకునే పద్ధతి వేరే ఉంది. తెలంగాణ దాన్ని వెట్టి, భగేలా పేర్లతో తరతరాలు చూసింది. 1976లో చట్టం దాన్ని రద్దు చేసింది. ఆ తర్వాత 1978లో కూడా జగిత్యాలలో రైతుకూలీలు వేలుగా జైత్రయాత్ర తీయవలసి వచ్చింది. ఋణం నిజమైనా దానికి బదులుగా దేహాన్ని పట్టుకోరాదని ఈ నేల కష్టపడి నేర్చుకుంది. సంఘం అడగదగినవి ఉన్నాయి: ఒప్పందం ఉన్న సీజన్ పూర్తి చేయాలి, శిక్షణ ఖర్చుకు కొత్త సంఘం పరిహారం ఇవ్వాలి, మానేశాక కొన్నాళ్లు పిల్లలకు నేర్పాలి. వీటిలో ఏదీ వెలి కాదు.

నిషేధం లేకపోతే ఆట చచ్చిపోతుందనే భయం ఒక్కటే మిగులుతుంది. 1995 ఆగస్టు 26న పారిస్‌లో అంతర్జాతీయ రగ్బీ బోర్డు డబ్బు మీది నిషేధాన్ని ఎత్తేసింది. హడర్స్‌ఫీల్డ్ సమావేశానికి మూడు రోజులు తక్కువ నూరేళ్లు. ఆ ఏడాదే జొనాథన్ డేవిస్ కార్డిఫ్‌కు తిరిగి వచ్చి యూనియన్ ఆడాడు. అప్పటి నుంచి ఆటగాళ్లు రెండు వైపులా తిరుగుతూనే ఉన్నారు. యూనియన్ ప్రపంచమంతటా పెరిగింది. లీగ్ ఉత్తర ఇంగ్లండ్‌లో, సిడ్నీలో, బ్రిస్బేన్‌లో తన జనాన్ని నిలుపుకుంది. పాపువా న్యూగినీలో అది జాతీయ క్రీడ. ఒకదానిలో 15 మంది, మరోదానిలో 13 మంది ఆడుతూనే ఉన్నారు.