ఇద్దరు సాక్షులు

శ్రీనగర్ కాలనీలో, నిగమాగమం వెనక వీధిలో, సర్వే ఆఫ్ ఇండియాలో పనిచేసి రిటైరైన తాతయ్య ఒకాయన ఉండేవాడు. మనవడికీ మనవరాలికీ టోపో షీటు, అంటే నేల ఎత్తుపల్లాలు చూపించే మ్యాపు, చదవడం నేర్పాడు. దాని మీద 2 సెంటీమీటర్లంటే నేల మీద కిలోమీటరు. బొటనవేలు అడ్డం పెడితే కాలనీ మొత్తం కనబడదు. గోధుమరంగు గీతలు ఒత్తుగా ఉన్నచోట ఏటవాలు ఎక్కువ. అవి ఎగువకు మొనదేలితే అక్కడ వాగు ఉన్నట్టు. పార్క్ చేసిన బైకుల పక్కన దిక్సూచి పట్టుకుంటే ముల్లు ఎలా పక్కకు లాగుతుందో కూడా చూపించాడు.

"ఇక్కడ ముల్లు ఉత్తరానికీ అసలు ఉత్తరానికీ తేడా ఒక డిగ్రీ చుట్టుపక్కలే. వదిలేసినా కొంప మునగదు. 10 డిగ్రీలు తప్పారో, కిలోమీటరు నడిచేసరికి 170 మీటర్లు పక్కకు పోతారు. అడవిలో అది చాలు."

తర్వాత ముగ్గురూ మూసీ పుట్టే అనంతగిరి కొండలకు వెళ్లారు. కాలిబాట రెండుగా చీలినచోట మనవడు ఆగాడు. వాడికి ముల్లు మీద పూర్తి నమ్మకం లేదు. ఫోన్‌లో కూడా దిక్సూచి తెరిచి, దాని మీదే అసలు దిక్సూచిని పెట్టి చూశాడు. ఒకటి ఒకవైపు చూపిస్తే ఇంకోటి ఇంకోవైపు చూపించింది.

"తాతయ్యా, ఇది పాడైపోయింది."

"ఏది?" అన్నాడాయన. వాడు చెప్పలేకపోయాడు.

చెల్లెలు దిక్సూచి లాక్కుని ఇరవై అడుగుల దూరం పోయింది. ముల్లు కుదురుగా నిలిచింది. షీటును ఉత్తరానికి తిప్పి పట్టుకుంటే, కుడివైపు ఉండాల్సిన వాగు కుడివైపే ఉంది. "అన్నయ్యా, ఇప్పుడు ఫోన్ చూడు" అని అరిచింది. అదీ ఆ ఉత్తరమే చూపించింది.

ఫోన్ స్పీకర్‌లో అయస్కాంతం ఉంటుంది, అది ముల్లును లాగింది. ముల్లూ అయస్కాంతమే కదా, అది ఫోన్‌ను తికమక పెట్టింది. బైకుల దగ్గర ముల్లు తప్పడం చూసిన కుర్రాడికి చేతిలో ఉన్నది గుర్తు రాలేదు. వాణ్ణి తప్పుపట్టను, రెండోసారి సరిచూసుకోవాలనుకోవడం మంచి బుద్ధే. సరిచూసిన పద్ధతే బాగాలేదు.

నీతి: రెండు సాక్ష్యాలు కావాలంటే ఇద్దరినీ విడివిడిగా అడగాలి. కోర్టులో ఒక సాక్షి చెబుతుంటే మిగతావాళ్లను బయట కూర్చోబెట్టేది అందుకే.