కులం ఎవరిని అడగాలి?

అనంతపురంలో గర్భిణుల రక్తహీనత గురించి ఎవరినడిగినా ముందొచ్చే జవాబు కరువు. ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వాన, ఎండిన బోర్లు, ఊడలు దిగని వేరుశనగ. అన్నీ నిజమే. కానీ ‘కరువు అందరికీ ఒకటే’ అన్న మాట నాకు మింగుడుపడదు. బోరు వేయించే భూమి ఎవరికుంది? ఆసుపత్రిలో కులం అడక్కపోతే తేడాలన్నీ వానదేవుడి ఖాతాలోకే పోతాయి. దళిత స్త్రీలు చనిపోయేనాటి సగటు వయసు 39.5 ఏళ్ళు, పైకులాల స్త్రీలది 54.1 అని ఐక్యరాజ్యసమితి మహిళా విభాగం 2018లో చెప్పగలిగిందంటే, ఎవరో కులం అడిగి రాసుకున్నారు కాబట్టే.

అడగాలి, సరే. ఎక్కడ, ఎలా అన్నదే పేచీ. ఓపీ వరండాలో, వెనక ఇరవైమంది నిలబడి ఉండగా ‘ఏమిటోళ్ళమ్మా మీరు?’ అంటే అది పరిశోధన ప్రశ్న కాదు. ఎక్కడ కూర్చోవాలో, ఏ గ్లాసులో తాగాలో తేల్చడానికి తరాలుగా వాడిన ప్రశ్న. చీటీ పట్టుకుని డాక్టరు కోసం కాచుకున్న మనిషి తలూపితే దాన్ని సమ్మతి అనగలమా? 2009లో ఖమ్మం జిల్లాలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ టీకా అధ్యయనంలో, హాస్టళ్ళలోని ఆదివాసీ బాలికల తరఫున వార్డెన్లే సంతకాలు చేశారు. 2013లో పార్లమెంటు స్థాయీ సంఘం దాన్ని తప్పుపట్టింది. అందుకే నేను వైద్యం అయిపోయాక, విడిగా కూర్చుని, చెప్పకపోయినా ఏమీ పోదని ఆమెకు నమ్మకం కుదిరాకే అడుగుతాను. కొందరు జారిపోతారు, లెక్క పలచబడుతుంది. పడనీ.

నన్ను ఎక్కువ వేధించేది మరొకటి. మా ఫారాల్లో కులం గడి రోగికే ఉంటుంది, నాడి చూసే చేతికి ఉండదు. ‘ఎస్సీ స్త్రీలలో రక్తహీనత ఎక్కువ’ అని రాసి ఊరుకుంటే లోపం ఆమె ఒంట్లోనే ఉన్నట్టు వినిపిస్తుంది. సంఘమిత్ర ఆచార్య గుజరాత్, రాజస్థాన్‌లలో దళిత పిల్లల గురించి చేసిన అధ్యయనం (2010) ప్రశ్నను అటు తిప్పింది: సిబ్బంది పిల్లల్ని ముట్టుకున్నారా, మందు ఎలా అందించారు, ఎలా మాట్లాడారు?

ఈసారి నా ప్రశ్నావళిలో సిబ్బందికీ ఒక పేజీ పెట్టాను. కులం ప్రశ్న దగ్గర ఒక సీనియర్ డాక్టరు కళ్ళజోడు తీసి, ‘ఇది మా వ్యక్తిగత విషయం కదండీ’ అన్నారు. మర్యాదగానే అన్నారు. ఆ జవాబునూ రాసుకున్నాను. వరండాలో నర్సు అడిగినప్పుడు ఏ స్త్రీ నోటా ఆ మాట ఇంతవరకూ వినలేదు.