డాక్టర్ కాబోయే పిల్లలు అలసిపోవడం తప్పా? జయద్రథ వధ రోజు గుర్రాల కథ



ఈ వారం వీడియోలో ద్రోణ పర్వంలోని జయద్రథ వధ చూశాం కదా. అభిమన్యుడు పోయిన మర్నాడు, యుద్ధంలో 14వ రోజు. పొద్దు గుంకేలోపు సైంధవుణ్ణి చంపకపోతే తానే అగ్నిలో దూకుతానని అర్జునుడు శపథం చేశాడు. అంతకంటే గట్టి డెడ్‌లైన్ ఉంటుందా చెప్పండి? మా సాఫ్ట్‌వేర్ వాళ్ళకు రిలీజ్ డేట్ దాటితే మహా అయితే మేనేజర్ నాలుగు మాటలు అంటాడు. ఇక్కడ దాటితే ప్రాణమే పోతుంది.

ఆ రోజు జరిగిన ఒక ఘట్టం వీడియోలో టైమ్ చాలక చెప్పలేకపోయాం. మధ్యాహ్నం దాటి ఎండ వాలుతోంది. సైంధవుడు ఇంకా దూరంగానే ఉన్నాడు. రథం గుర్రాలకు ఒళ్ళంతా బాణాలు గుచ్చుకుని ఉన్నాయి, దాహంతో ఉన్నాయి, అడుగు వేయలేకపోతున్నాయి. అప్పుడు అర్జునుడే కృష్ణుడితో అంటాడు, గుర్రాలు అలసిపోయాయి, వీటిని విప్పి బాణాలు తీసేస్తే మంచిదనిపిస్తోంది, నువ్వేమంటావు అని. కృష్ణుడు నా మనసులోనూ అదే ఉంది అంటాడు. అర్జునుడు రథం దిగి, నేల మీద నిలబడి, చుట్టూ ఉన్న సైన్యాన్ని ఒక్కడే ఆపుతాడు. అక్కడ తాగడానికి నీళ్ళు లేవని కృష్ణుడు చెబితే, బాణంతో నేలను చీల్చి మడుగు పుట్టిస్తాడు, బాణాలతోనే నీడ కడతాడు. జగన్నాథుడు ఆ నీడలో గుర్రాల ఒంట్లోంచి బాణాలు తీసి, ఒళ్ళు రుద్ది, నీళ్ళు పట్టించి, మేత వేసి, అవి తేరుకున్నాక మళ్ళీ రథానికి కడతాడు.

ఈ ఘట్టం చదివినప్పటి నుంచి నా మనసులో ఒక ప్రశ్న తిరుగుతోంది. సేవ చేసేవాళ్ళు అలసిపోతే అది వాళ్ళ బలహీనతా? సేవ పేరుతో ఒంటినీ మనసునూ కాల్చుకోవడం నిజంగా ధర్మమేనా? ఈ ప్రశ్న నాకు ఊరికే రాలేదు. మా వైపు మెడిసిన్ చదివే పిల్లల్ని చూసి వచ్చింది.

నాది కోదాడ. మా సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ వైపు ఇంట్లో ఎవరికైనా ఎంబీబీఎస్ సీటు వచ్చిందంటే అది ఆ ఒక్క ఇంటి పండగ కాదు, వాడకట్టు మొత్తానిది. చౌరస్తాలో ఫ్లెక్సీ పడుతుంది. క్లాసులు మొదలవ్వకముందే "డాక్టరమ్మా" అని పిలవడం మొదలుపెడతారు. 2019లో సూర్యాపేటలోనూ నల్లగొండలోనూ ప్రభుత్వ మెడికల్ కాలేజీలు వచ్చాయి, ఒక్కోదాంట్లో 150 సీట్లు. ఒకప్పుడు డాక్టర్ చదువంటే హైదరాబాదో వరంగలో పోవాల్సిందే. ఇప్పుడు బస్సెక్కితే గంటలో చేరే దూరంలో కాలేజీ ఉంది. రైతు కూలీల పిల్లలు, రైస్ మిల్లులో పనిచేసేవాళ్ళ పిల్లలు తెల్లకోటు వేసుకుంటున్నారు. ఇది చాలా మంచి మార్పు, ఇందులో నాకు ఏ సందేహమూ లేదు.

కానీ ఆ తెల్లకోటు వెనక ఏముందో కూడా చూడాలి. సీటు వచ్చే లోపలే చాలామంది ఒకటి రెండేళ్ళు లాంగ్ టర్మ్ కోచింగ్‌లో గడిపి, అలసిపోయి వస్తారు. తర్వాత నాలుగున్నరేళ్ళ చదువు, ఒక ఏడాది ఇంటర్న్‌షిప్. మొదటి ఏడాదే అనాటమీ, ఫిజియాలజీ, బయోకెమిస్ట్రీ మూడూ మీద పడతాయి. ఊళ్ళో ఫస్ట్ వచ్చిన పిల్ల, అందరూ ఫస్ట్ వచ్చినవాళ్ళే ఉన్న క్లాసులో కూర్చుంటుంది. మొదటిసారి ఒక పేపర్ పోతే ఇంట్లో చెప్పుకోలేదు. ఎందుకంటే చౌరస్తాలో ఫ్లెక్సీ ఇంకా ఉంది.

2024లో నేషనల్ మెడికల్ కమిషన్ వేసిన టాస్క్ ఫోర్స్ దేశమంతటి వైద్య విద్యార్థుల మీద ఒక రిపోర్ట్ ఇచ్చింది. వాళ్ళ ఆన్‌లైన్ సర్వేకు 25,590 మంది ఎంబీబీఎస్ విద్యార్థులు, 5,337 మంది పీజీలు జవాబులు ఇచ్చారు. ఎంబీబీఎస్ వాళ్ళలో 27.8 శాతం మంది తమకు మానసిక ఆరోగ్య సమస్య ఉన్నట్టు నిర్ధారణ అయిందని చెప్పారు. 16.2 శాతం మందికి ప్రాణం తీసుకోవాలన్న ఆలోచన వచ్చిందట. పీజీల్లో అది 31.2 శాతం. ఇంకో మాటలో, రాత్రిపూట మన అమ్మానాన్నల మంచం పక్కన నిలబడే ప్రతి ముగ్గురు పీజీల్లో దాదాపు ఒకరు ఈ ఆలోచనతో పోరాడినవాళ్ళే.

బర్నవుట్ అంటే ఒట్టి అలసట అనుకుంటాం. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో దాన్ని వివరిస్తూ మూడు లక్షణాలు చెప్పింది. ఒకటి, శక్తి పూర్తిగా ఇంకిపోవడం. రెండు, చేసే పని మీద మనసు విరిగి దూరం జరగడం. మూడు, నా వల్ల ఏమీ కావట్లేదు అనిపించడం. నన్ను ఎక్కువ భయపెట్టేది ఆ రెండోది.

మా చిన్నమ్మ కూతురు మిర్యాలగూడ పిల్ల. ఒక ప్రభుత్వ ఆసుపత్రిలో ఇంటర్న్‌షిప్ చేస్తోంది. ఒకరోజు నైట్ డ్యూటీ దిగి ఫోన్ చేసింది. "అన్నా, నాకు ఏడుపు కూడా వస్తలేదు. ఇదివరకు ఎవరన్నా ముసలామె వస్తే మన నాయనమ్మ గుర్తొచ్చేది. ఇప్పుడు బెడ్ నంబర్ ఒక్కటే కనిపిస్తున్నది. అమ్మో ఇంకో కేసా అనిపిస్తున్నది. నేను చెడ్డదాన్ని అయిపోయిన్నా అన్నా?" అని అడిగింది.

తను చెడ్డది కాలేదు. నిద్ర లేని మనిషిలో ముందు ఎండిపోయేది దయ. అందుకే ఇది ఒక్క ఆరోగ్యం సమస్య కాదు, ధర్మం సమస్య కూడా అంటున్నాను. సేవ కోసమని విశ్రాంతి మానేస్తే, చివరికి సేవ చేసే గుణమే పోతుంది. ఇంకో లెక్క కూడా చూడండి. 24 గంటలు మెలకువగా ఉన్న మనిషి మెదడు, మన చట్టం బండి నడపడానికి ఒప్పుకోనంత మద్యం తాగినవాడి మెదడులా పనిచేస్తుందని పరిశోధనలు చెబుతున్నాయి. తాగినవాడి చేతికి స్టీరింగ్ ఇవ్వం. అదే స్థితిలో ఉన్నవాళ్ళ చేతికి సూది ఇస్తున్నాం.

ఇక్కడ పెద్దవాళ్ళు ఒక మాట అంటారు. "చదువు అంటే తపస్సు. మా రోజుల్లో మేం పడలేదా?" దీన్ని తేలిగ్గా కొట్టిపారేయలేం. కష్టపడకుండా ఎవరూ మంచి డాక్టర్ కాలేరు. రోగం టైమ్ చూసుకుని రాదు, రాత్రి 2 గంటలకు ఎవరో ఒకరు మేలుకుని ఉండాల్సిందే. కానీ తపస్సు గురించి భగవద్గీత ఏమంటుందో కూడా వినాలి కదా. 6వ అధ్యాయం 16, 17 శ్లోకాల్లో కృష్ణుడు అతిగా తినేవాడికీ అసలు తిననివాడికీ, అతిగా నిద్రపోయేవాడికీ అసలు నిద్రపోనివాడికీ యోగం కుదరదంటాడు. 17వ అధ్యాయం 5, 6 శ్లోకాల్లో ఇంకా గట్టిగా చెబుతాడు. శాస్త్రం చెప్పని ఘోర తపస్సులతో ఒంటిని హింసించేవాళ్ళు, ఆ ఒంట్లో ఉన్న తననే హింసిస్తున్నారని, అది ఆసుర స్వభావమని అంటాడు. మనం "డెడికేషన్" అని చప్పట్లు కొట్టే చాలా పనులు ఈ రెండు శ్లోకాల ముందు నిలబడవు.

మా ఆఫీసులో ఆన్‌కాల్ అని ఒకటుంది. రాత్రి సర్వర్ పడిపోతే లేచి చూసుకునే డ్యూటీ. దానికి వంతులు ఉంటాయి. రాత్రంతా మేలుకున్నవాడు మర్నాడు ఆలస్యంగా వస్తే ఎవరూ ఏమీ అనరు. ఒక యాప్‌ను కాపాడేవాళ్ళకే ఇంత ఏర్పాటు ఉన్నప్పుడు, మనిషిని కాపాడేవాళ్ళకు ఎందుకు ఉండకూడదు? నిజానికి రూల్ ఎప్పుడో ఉంది. రెసిడెంట్ డాక్టర్లకు వారానికి 48 గంటలు, ఒకసారికి 12 గంటలకు మించకుండా డ్యూటీ ఉండాలని కేంద్రం 1992లోనే రెసిడెన్సీ స్కీమ్‌లో చెప్పింది. 32 ఏళ్ళ తర్వాత టాస్క్ ఫోర్స్ సిఫారసు చేసింది ఏమిటంటే, వారానికి 74 గంటలు దాటనివ్వకండి, వారంలో ఒక రోజు సెలవు ఇవ్వండి, 7, 8 గంటలు నిద్రపోనివ్వండి అని. 48 దగ్గర మొదలుపెట్టి 74 అయినా చాలని అడిగే చోటికి వచ్చాం. 2024 ఆగస్టు 9న కోల్‌కతాలో ప్రాణం కోల్పోయిన ఆ డాక్టరమ్మ, 36 గంటల డ్యూటీ మధ్యలో కాస్త నడుం వాల్చడానికి సెమినార్ హాల్‌లోకి వెళ్ళింది. అంత పెద్ద ఆసుపత్రిలో ఆమెకు దొరికిన చోటు అది.

ఇప్పుడు మళ్ళీ ఆ రథం దగ్గరికి వెళ్దాం. ఆ ఘట్టంలో నాకు మూడు విషయాలు కనిపిస్తాయి.

మొదటిది, ఆగుదామని గుర్రాలు అడగలేదు. నోరు లేనివి, అడగలేవు. ఎవరికి పని తొందర ఉందో ఆ అర్జునుడే వాటి స్థితి గమనించాడు. అంటే అలసినవాళ్ళు వచ్చి అడగాలని చూడటం ధర్మం కాదు, పని చేయించుకునేవాడే గమనించాలి. ప్రొఫెసర్లు, సీనియర్లు, ప్రభుత్వం, అమ్మానాన్నలు, పేషెంట్లుగా వెళ్ళే మనం, అందరం ఇందులోకి వస్తాం.

రెండోది, యుద్ధం ఆగలేదు. గుర్రాలు ఆగిన ఆ కాసేపూ అర్జునుడు నేల మీద నిలబడి కాశాడు. ఒకరికి విశ్రాంతి ఇవ్వాలంటే ఇంకొకరు ఆ భారం మోయాలి. "రెస్ట్ తీసుకో" అని ఊరికే చెబితే సరిపోదు. వార్డులో ఇంకో మనిషిని పెట్టాలి, ఖాళీ పోస్టులు నింపాలి, వంతులు సరిగ్గా వేయాలి.

మూడోది, అక్కడ నీళ్ళు లేవు. లేవు కదా, ఏం చేస్తాం అని అర్జునుడు అనలేదు, పుట్టించాడు. హాస్టల్‌లో కౌన్సెలర్ లేరు, డ్యూటీ రూమ్‌లో మంచం లేదు, సెలవు ఇచ్చే పద్ధతి లేదు అంటే, అక్కడితో మాట అయిపోకూడదు. పని మొదలవ్వాల్సింది అక్కడే.

ప్రభుత్వం చేయాల్సింది ప్రభుత్వం చేయాలి. మరి మన ఇళ్ళల్లో? రాత్రి పదకొండింటికి సెకండియర్ చదివే పిల్లకి మామయ్య షుగర్ రిపోర్ట్ వాట్సాప్‌లో పంపి "కొంచెం చూడమ్మా" అనడం ఆపేద్దాం. ఫోన్ చేయగానే మార్కుల సంగతి, పీజీ సీటు సంగతి అడగకుండా "తిన్నావా, నిద్రపోయావా" అని అడుగుదాం. పేపర్ పోయిందని చెబితే ఆ పూటకు లెక్చర్ ఇవ్వకుండా విందాం. మన యల్లాప్రగడ సుబ్బారావు గారు మెట్రిక్ మూడోసారికి గానీ పాస్ కాలేదు. మద్రాసు మెడికల్ కాలేజీలో పూర్తి ఎంబీబీఎస్ పట్టా కూడా రాలేదు, ఎల్ఎంఎస్‌తోనే బయటికి వచ్చారు. ఆ తర్వాత ఆయన చేసిన పరిశోధనల వల్ల ఎన్ని ప్రాణాలు నిలిచాయో లోకానికి తెలుసు. ఒక పేపర్ పోవడం జీవితం పోవడం కాదు.

మెడిసిన్ చదువుతూ ఇది చదివే తమ్ముళ్ళకూ చెల్లెళ్ళకూ ఒక మాట. భగవద్గీత మొదటి అధ్యాయం పేరు అర్జున విషాద యోగం. అంతటి వీరుడు నోరు ఎండిపోతోంది, కాళ్ళూ చేతులూ వశం తప్పుతున్నాయి అని చెప్పుకున్నాడు. అలా చెప్పుకోవడాన్ని కూడా మన పెద్దలు యోగం అన్నారు. అతను చెప్పాడు కాబట్టే గీత పుట్టింది. మీరూ చెప్పండి. స్నేహితుడికో, నమ్మకమున్న మేడమ్‌కో, సైకియాట్రీ డాక్టర్‌కో. ఎవరికీ చెప్పలేని రాత్రి అయితే 14416కు ఫోన్ చేయండి. అది ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలి మానస్, డబ్బులు కట్టక్కర్లేదు, 24 గంటలూ ఉంటుంది, తెలుగులో మాట్లాడొచ్చు. జపం చేస్తే మనసు నిలకడగా ఉంటుంది, నేనూ చేస్తాను. కానీ మందు అవసరమైన చోట మందు వేసుకోవడం భక్తికి తక్కువ కాదు. మందులు రాసే చదువు చదువుతున్న మీకు ఇది నేను చెప్పాలా?

డాక్టర్లు చేసే ప్రతిజ్ఞలో కూడా ఇది చేరింది. వరల్డ్ మెడికల్ అసోసియేషన్ 2017లో జెనీవా ప్రతిజ్ఞను సవరించి, మంచి వైద్యం అందించడానికి నా ఆరోగ్యాన్ని కూడా చూసుకుంటాను అనే అర్థం వచ్చే వాక్యం కలిపింది. లోకం 2017లో రాసుకున్న ఈ మాట మన ద్రోణ పర్వంలో గుర్రాల దగ్గర ఎప్పుడో ఉంది.

మిర్యాలగూడ దగ్గర వాడపల్లిలో, కృష్ణా మూసీ కలిసే చోట, లక్ష్మీనరసింహస్వామి గుడి ఉంది. గర్భగుడిలో స్వామి ముఖం దగ్గర ఉన్న దీపం ఎప్పుడూ రెపరెపలాడుతుంది, కింది దీపం నిశ్చలంగా ఉంటుంది. పై దీపం కదిలేది స్వామి ఊపిరికే అని భక్తుల నమ్మకం. వెళ్ళినప్పుడు ఆ దీపం ముందు కాసేపు నిలబడండి. హిరణ్యకశిపుణ్ణి చీల్చిన ఉగ్రమూర్తిని కూడా మనవాళ్ళు ఊపిరి తీసుకునే స్వామిగానే కొలుస్తున్నారు.

ఇంతకీ ఆ సాయంత్రం అర్జునుడి శపథం నెరవేరింది. గుర్రాలకు నీళ్ళు పట్టించడానికి పోయిన టైమ్ వల్ల ఏదీ ఆగలేదు. తేరుకున్న ఆ గుర్రాలే రథాన్ని సైంధవుడి దాకా లాక్కెళ్ళాయి. మీ ఇంట్లోనో పక్కింట్లోనో మెడిసిన్ చదివే పిల్లలుంటే ఈ ఆదివారం ఒకసారి ఫోన్ చేయండి. రిపోర్టులు పంపకండి, సలహాలు ఇవ్వకండి, ఊరికే ఎలా ఉన్నావని అడిగి, చెప్పేది వినండి.

సర్వే జనాః సుఖినో భవంతు. వచ్చే వారం మళ్ళీ కలుద్దాం.