బిడ్డ వ్యసనమును దాచుట ప్రేమయగునా?

పదునాఱేండ్ల కుమారుడు గంజాయికి లోబడెనని తెలిసినపుడు పెక్కుమంది తండ్రులకు మొదట కలుగు చింత వాని ఆరోగ్యమును గూర్చి కాదు, నలుగురిలో పరువేమగునని. ఈ చింత సహజమే. అది ధర్మమా యనునదియే ప్రశ్న. దేహమునే దేవాలయముగా భావించిన బసవేశ్వరుని మార్గమున నడచువారు, గర్భగుడి పాడగుచుండగా ప్రహరికి సున్నము వేయుచు కూర్చుండరాదు.

సూర్యాపేట, కోదాడ పట్టణములు హైదరాబాదు–విజయవాడ జాతీయ రహదారిపై నున్నవి. ఆంధ్ర–ఒడిశా సరిహద్దు మన్యపు గంజాయి హైదరాబాదునకు చేరు మార్గములలో అదియు నొకటి. పోలీసులు ఆ దారిలో పలుమార్లు పట్టుకొనిరి. బియ్యపు మిల్లుల మిర్యాలగూడ మీదుగ నార్కట్‌పల్లి–అద్దంకి రహదారి పోవుచున్నది. కనుక ఇది పట్నపు జాడ్యమను ధైర్యమునకు ఆధారము లేదు. దూరమునుండి రానక్కరలేని మత్తు కూడ కలదు: ట్యూబులకు అతుకు వేయు సొల్యూషను, వైట్‌నరు. 2019లో కేంద్రము ప్రకటించిన సర్వేలో పెద్దలకంటె 10–17 ఏండ్ల పిల్లలలో ఎక్కువగా కనబడిన మత్తు ఈ పీల్చు పదార్థములదే.

కన్నులు ఎఱ్ఱబడుట, వేళగాని వేళ నిద్ర, పాత స్నేహితులను విడుచుట, ఇంట డబ్బు మాయమగుట, దుస్తులకు సొల్యూషను వాసన — ఇవి గుర్తులు. ఒకటి కనబడినంతనే నేరము మోపరాదు. ఆ వయస్సున కోపమును, ఏకాంతవాంఛయు కొంత సహజములు. మనోవ్యాధియందును ఇట్టివి కనబడును. కొన్ని కలసి వారములు నిలిచినపుడే అనుమానము బలపడును.

సంచి వెదకవచ్చునా? ప్రాణభయమున్నచో వెదకవచ్చును. కాని దొరికినదానిని బంధువుల యెదుట పెట్టి నిలదీయుట చికిత్స కాదు. మత్తులో నున్నవానితో వాదము వ్యర్థము. మత్తు దిగిన పిదప ఒంటరిగా కూర్చుండబెట్టుకొని, చూచినది చెప్పి, వాడు చెప్పునది వినవలెను. పన్నెండవ శతాబ్దపు అనుభవమంటపమున కులభేదము, స్త్రీపురుషభేదము లేక అందఱికిని మాటాడు చోటు దొరకెను. అదే మర్యాద సొంత యింట కుమారునికి దొరకకుండుట వింత. జేబులో గుట్కా పొట్లముంచుకొన్న తండ్రి బోధ మాత్రము చెల్లదు.

కేసు భయము పలువురిని వైద్యుని కడకు పోనీయదు. 1985 నాటి మాదకద్రవ్యాల చట్టమందలి 64ఏ సెక్షను, వాడుటకు లేక స్వల్ప పరిమాణమునకు సంబంధించిన కేసులో నున్న వ్యసనపరుడు గుర్తింపు పొందిన ఆసుపత్రిలో స్వయముగా చికిత్స కోరినచో విచారణనుండి రక్షణ ఇచ్చుచున్నది. చికిత్స మధ్యలో మానినచో ఆ రక్షణ తొలగవచ్చును. సలహాకు 14446 అను ఉచిత ఫోను కలదు.

కొందఱు కుమారుని దూరపు హాస్టలునకు పంపుదురు. అది వ్యసనమునకు చిరునామా మార్చుటయే. మఠమునకు తీసికొనిపోయి ప్రమాణము చేయించుట మంచిదే. కాని మానిన తొలిదినములలో నిద్ర పట్టదు, అన్నము సహింపదు, చిరాకు పెరుగును. అప్పుడు ప్రమాణ మొక్కటే చాలదు. రాత్రి ప్రక్కన కూర్చుండువారును, మరునాడు ఆసుపత్రికి తోడు పోవువారును కావలెను. నెల తరువాత వాడు మరల జారినను, అదే ఆసుపత్రికి, అదే మనిషి.